ఆపద్ధర్మ పెత్తనం



ఇంటి పెద్ద జబ్బుపడో, పరదేశం వెళ్ళో ఒక ఆరు నెలలపాటు సంసారం పెత్తనమంతా మీ చేతికి వచ్చిందనుకోండి. బీరువా తాళాలు మీ కొంగునే ఉంటాయి. పాలవాడి లెక్క, పిల్లల ఫీజులు, బ్యాంకు వాయిదా అన్నీ మీరే చూసుకోవాలి. అయినా ఆ ఇంటికి మీరు ఆఖరి యజమాని కారు. ఆరు నెలల తర్వాత తాళాలు మరొకరి చేతిలో పెట్టవలసిందే. అప్పుడు మీ ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. మీ హయాంలో ఏం చేయవచ్చు? ఏం చేయకూడదు? గోడకు సున్నం వేయించవచ్చు. అనవసరపు ఖర్చు తగ్గించవచ్చు. మరి ఇల్లే అమ్మేయవచ్చునా?

రాజకీయాల్లో దీన్ని ఆపద్ధర్మ ప్రభుత్వం అంటారు. ఎన్నికలయ్యేదాకా రోజువారీ పనులు నడిపే ప్రభుత్వమన్నమాట. విద్యాసంస్థల్లోనూ ఇటువంటి పెత్తనం ఉంది. అధ్యక్షుడు దిగిపోయి కొత్తవారు దొరకనప్పుడు, పాలకవర్గం ఒకరిని తాత్కాలికంగా కూర్చోబెడుతుంది. సంస్థ అప్పుల్లో ఉన్నప్పుడే ఆ కుర్చీ ఖాళీ అయితే, కూర్చున్న మనిషి మీద పడే బరువు సామాన్యమైనది కాదు. అలాంటి ఒక కథను ఈరోజు మీకు చెబుతాను. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో స్వీట్ బ్రయర్ అనే ఆడపిల్లల కాలేజీ కథ ఇది. మన దగ్గరలా పరీక్షలకూ డిగ్రీకీ మరో విశ్వవిద్యాలయం మీద ఆధారపడే కాలేజీ కాదది. డిగ్రీలు తానే ఇచ్చే ప్రైవేటు సంస్థ. చిన్నపాటి విశ్వవిద్యాలయం అనుకోండి.

ఈ కాలేజీ పుట్టుక వెనక ఒక తల్లి దుఃఖం ఉంది. ఇండియానా ఫ్లెచర్ విలియమ్స్ అనే ఆవిడకు డైసీ అని ఒక్కగానొక్క కూతురు. 1884లో, పదహారేళ్ళ వయసులో ఆ పిల్ల చనిపోయింది. తల్లి తన వేల ఎకరాల ఎస్టేటును కూతురి జ్ఞాపకార్థం ఆడపిల్లల చదువుకని వీలునామా రాసింది. 1900లో ఆమె పోయింది. మరుసటి సంవత్సరం, అంటే 1901లో సంస్థ ఏర్పడింది. 1906లో తరగతులు మొదలయ్యాయి. మరో నిజం కూడా చెప్పుకోవాలి. ఆ ఎస్టేటు ఒకప్పుడు నీగ్రో బానిసల చెమటతో పండిన తోట. వీలునామాలో తెల్లవారి ఆడపిల్లలకు మాత్రమే అని షరతు ఉండేది. 1960లలో కాలేజీ వారే కోర్టుకు వెళ్ళి ఆ షరతును తీయించుకున్నారు. ఈ సంగతిని కాస్త గుర్తుపెట్టుకోండి. వీలునామా షరతును మార్చాలంటే కోర్టు గడప తొక్కాలి. ఇష్టం వచ్చినట్టు దాటిపోవడానికి వీల్లేదు.

అంత ఆస్తి ఉన్న కాలేజీకి కష్టం ఎలా వచ్చిందంటారా? 1960 ప్రాంతంలో అమెరికాలో కేవలం ఆడపిల్లల కోసం నడిచే కాలేజీలు రెండు వందలకు పైగా ఉండేవి. తర్వాత పెద్ద పెద్ద మగపిల్లల విశ్వవిద్యాలయాలు ఆడపిల్లలకు తలుపులు తెరిచాయి. ఆడపిల్లల కాలేజీలు ఒక్కొక్కటే మూతపడడమో, మగపిల్లలనూ చేర్చుకోవడమో జరిగింది. 2015 నాటికి మిగిలినవి యాభైకి లోపే. స్వీట్ బ్రయర్ పట్నానికి దూరంగా, బ్లూ రిడ్జ్ కొండల అంచున ఉంది. ప్రశాంతమైన చోటే. కాని పద్దెనిమిదేళ్ళ పిల్లలందరూ ప్రశాంతతనే కోరుకోరు కదా! 2014లో అక్కడున్న విద్యార్థినులు సుమారు 700 మంది.

చేరేవాళ్ళు తగ్గినప్పుడు కాలేజీలు ఏం చేస్తాయో తెలుసా? అచ్చం మన బట్టల కొట్టువాళ్ళు చేసేదే. చీర మీద చీటీలో వెయ్యి అని రాసి, అడిగిన వాళ్ళకల్లా నాలుగు వందలకే ఇస్తే కొట్టు కిటకిటలాడుతుంది. గల్లా పెట్టె మాత్రం నిండదు. స్వీట్ బ్రయర్‌లో చదువుకీ, బసకీ, భోజనానికీ కలిపి సంవత్సరానికి సుమారు 50,000 డాలర్లు అని చీటీ మీద ఉండేది. స్కాలర్‌షిప్పు పేరుతో ఇచ్చే తగ్గింపులు పోను, చదువు రుసుములో కాలేజీ చేతికి నిజంగా వచ్చేది సగం కూడా కాదు. పాత భవనాల మరమ్మతులు, బాండ్ల మీద తెచ్చిన అప్పు, అధ్యాపకుల జీతాలు మాత్రం పూర్తి ధరకే చెల్లించాలి.

"అయినా బ్యాంకులో సొమ్ముంది కదా" అని మీరు అడగవచ్చు. ఉంది. 2015లో కాలేజీ మూలనిధి ఎనిమిది కోట్ల డాలర్లకు పైమాటే. కాని అదంతా ఖర్చుపెట్టుకునే సొమ్ము కాదు. వెంకటేశ్వరస్వామికని పసుపుగుడ్డలో ముడుపు కట్టి ఉంచాం. నెలాఖరుకి బియ్యం నిండుకుంటే ఆ ముడుపు విప్పుతామా? ప్రాణం ఒప్పదు. దాతలు ఇచ్చిన సొమ్ము కూడా అలాంటిదే. ఇది ఫలానా స్కాలర్‌షిప్పుకు మాత్రమే, ఇది ఫలానా శాస్త్రం బోధించే ఆచార్యుడి జీతానికి మాత్రమే అని దాత షరతు పెడితే, దాన్ని మరో పనికి వాడడం చట్టం ఒప్పదు. నిధిలో పెద్ద భాగం అలా కట్టివేసిన ముడుపే. చేతిలో ఆడే సొమ్ము చాలా తక్కువ.

ఈ పరిస్థితుల్లో 2014 ఆగస్టులో జేమ్స్ జోన్స్ అనే ఆయన తాత్కాలిక అధ్యక్షుడిగా వచ్చారు. అనుభవం లేని మనిషి కాదు. అంతకుముందు ట్రినిటీ కాలేజీ అనే ప్రసిద్ధ సంస్థకు పదేళ్ళపాటు అధ్యక్షుడు. ఆయన వచ్చిన ఆరేడు నెలలకే, 2015 మార్చి 3వ తేదీన అధ్యాపకులనూ విద్యార్థినులనూ సమావేశపరిచి ఒక కబురు చెప్పారు. ఆర్థిక ఇబ్బందులు దాటలేనివని పాలకవర్గం తేల్చిందనీ, ఆగస్టు 25తో కాలేజీ శాశ్వతంగా మూతపడుతుందనీ ఆ కబురు సారాంశం. మరో సంవత్సరం చదువు మిగిలిన పిల్లలున్నారు. ఆ ఆవరణలోనే ఇళ్ళు కట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాళ్ళున్నారు. తోటమాలులు, వంటవాళ్ళు ఉన్నారు. అంతమందికీ ఆ రోజుదాకా ఇంత దూరం వచ్చిందని తెలియదు.

పాలకవర్గం వాదన కూడా న్యాయంగా వినాలి. ఏళ్ళ తరబడి మార్గాలు వెతికామన్నారు. ఇంకా ఆలస్యం చేస్తే, సిబ్బందికి ఇవ్వవలసింది ఇచ్చి, పిల్లలను వేరే కాలేజీల్లో చేర్పించి, మర్యాదగా తలుపు మూసేపాటి సొమ్ము కూడా మిగలదన్నారు. ఈ మాటలో తప్పేం లేదు. దివాళా తీసి, నడి సంవత్సరంలో పిల్లలను వీధిన పడేసిన సంస్థలు లేకపోలేదు. గుట్టుగా ఉంచడానికీ కారణం ఉంది. కాలేజీ కష్టాల్లో ఉందని పొక్కితే ఉన్న పిల్లలు కూడా వెళ్ళిపోతారు. కొట్టు మూసేస్తారట అన్న పుకారు పుడితే అప్పులవాళ్ళందరూ ఒకేసారి వచ్చి కూర్చోరూ?

మరి లోపం ఎక్కడుంది? లెక్క కట్టడంలో కాదు, అడగకపోవడంలో ఉంది. సంసారం మునిగిపోతోందని నలుగురు అన్నదమ్ములకూ, అత్తవారింట ఉన్న ఆడపడుచులకూ ఒక్కమాట చెప్పకుండా, ఇల్లు అమ్మకానికి పెట్టిన తర్వాత ఉత్తరం రాస్తే వాళ్ళకు ఎలా ఉంటుంది? "మేం లేమూ? ఒక్కసారి అడిగి ఉంటే పోయేదేమిటి?" అంటారు. స్వీట్ బ్రయర్‌లో చదువుకుని వెళ్ళిన ఆడవాళ్ళు సరిగ్గా ఆ మాటే అన్నారు. పుట్టిల్లు అమ్ముతుంటే ఆడపడుచులు కదిలినట్టు కదిలారు. రోజుల్లోనే "సేవింగ్ స్వీట్ బ్రయర్" అని ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళలో లాయర్లున్నారు, వ్యాపారాలు చేసేవాళ్ళున్నారు, మనలాగే ఇల్లు చూసుకునేవాళ్ళున్నారు. ఇవ్వగలిగినంత చందా రాశారు. కొద్ది నెలల్లో రెండు కోట్ల డాలర్ల దాకా వాగ్దానాలు వచ్చాయి.

వాళ్ళకు ధైర్యాన్నిచ్చిన పాత ఉదాహరణ కూడా ఒకటి ఉంది. 1979లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో విల్సన్ కాలేజీ అనే మరో ఆడపిల్లల కళాశాలను మూసేస్తామని అక్కడి పాలకవర్గం ప్రకటించింది. పూర్వ విద్యార్థినులు కోర్టుకెళ్ళారు. అలా మూయడానికి వీల్లేదని న్యాయమూర్తి తీర్పు చెప్పారు. ఆ కాలేజీ బతికింది.

వర్జీనియాలోనూ మార్చి నెలాఖరుకే ఆ జిల్లా ప్రభుత్వ న్యాయవాది దావా వేశారు. అధ్యాపకులూ, విద్యార్థినులూ, తల్లిదండ్రులూ వేరుగా దావాలు వేశారు. అసలు ప్రశ్న ఏమిటంటే, వీలునామాతో పుట్టిన ఈ కాలేజీ ఒక కంపెనీ వంటిదా, ధర్మకర్తల చేతిలో పెట్టిన ఆస్తి వంటిదా? కంపెనీ అయితే డైరెక్టర్లు తీర్మానం చేసి మూసుకోవచ్చు. ధర్మకర్తలకు ఆ స్వేచ్ఛ లేదు. కంపెనీగా నమోదైనంత మాత్రాన ధర్మకర్తృత్వపు చట్టం వర్తించదనడం సరికాదని జూన్‌లో వర్జీనియా సుప్రీంకోర్టు చెప్పి, కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. ఈలోగా రాష్ట్ర అటార్నీ జనరల్ మార్క్ హెరింగ్ ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదిర్చారు. జూన్ 22న కోర్టు దాన్ని ఆమోదించింది.

రాజీ షరతులు వినండి. పూర్వ విద్యార్థినుల సంఘం వచ్చే సంవత్సరం ఖర్చులకు 1 కోటి 20 లక్షల డాలర్లు, అంటే అప్పటి మారకంలో సుమారు 75 కోట్ల రూపాయలు, విడతలుగా చెప్పిన గడువులకు కట్టాలి. షరతులతో కట్టివేసిన నిధిలో 1 కోటి 60 లక్షల డాలర్ల మీద షరతులు సడలించడానికి అటార్నీ జనరల్ ఒప్పుకోవాలి. ముడుపు విప్పారు, కాని చట్టం అనుమతితో విప్పారు. పాత పాలకవర్గంలో చాలామంది దిగిపోవాలి. అధ్యక్షుడు మారాలి. వాగ్దానాలు వేరు, చేతికొచ్చే సొమ్ము వేరు అని మనందరికీ తెలుసు. పెళ్ళిలో చదివింపులు చదివినంత తేలిక కాదు కట్టడం. కాని ఆ ఆడవాళ్ళు సెప్టెంబరు మొదటివారానికల్లా పూర్తి సొమ్ము కట్టేశారు.

ఇప్పుడు మన కథలో రెండో పెద్దమనిషి వస్తారు. ఫిలిప్ స్టోన్ అని, వృత్తిరీత్యా లాయరు. వర్జీనియాలోనే బ్రిడ్జ్‌వాటర్ కాలేజీకి 16 సంవత్సరాలు అధ్యక్షుడిగా పనిచేసి 2010లో విశ్రాంతి తీసుకున్నవారు. ఆయన పేరు ముందు తాత్కాలిక అన్న మాట లేదు. అయినా తాను గట్టెక్కించడానికి వచ్చినవాడినే తప్ప పాతుకుపోవడానికి కాదని ఆయనకూ తెలుసు, అందరికీ తెలుసు. 2015 జూలై మొదట్లో వచ్చి, 2017లో తాళాలు అప్పగించి వెళ్ళిపోయారు.

ఆయన వచ్చేసరికి ఎలా ఉందో ఊహించండి. పిల్లలు వేరే కాలేజీల్లో చేరిపోయారు. అధ్యాపకులందరికీ ఉద్యోగాలు ముగిశాయని నోటీసులు వెళ్ళాయి. తరగతులు తెరవడానికి రెండు నెలలు కూడా లేవు. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదంటారు కదా! కొత్త ప్రణాళికలు రాస్తూ కూర్చునే వ్యవధి లేదు. ముందు పనిచేసేవాళ్ళను వెనక్కి పిలిచారు. చాలామంది వచ్చారు. వెళ్ళిపోయిన పిల్లలకు మళ్ళీ రమ్మని కబురు చేశారు. పూర్వ విద్యార్థినులు సెలవులు పెట్టుకుని వచ్చి గదులకు రంగులు వేశారు, తోటల్లో కలుపు తీశారు. కూలీ ఖర్చు కలిసొచ్చింది. అంతకంటే ముఖ్యంగా, తలుపు తెరిచే ఉందని లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులో, ఏ నెలలో మూతపడాలో అదే నెలలో, కాలేజీ తెరుచుకుంది. వచ్చిన పిల్లలు మూడు వందలకు లోపే. అయితేనేం, పొయ్యి ఆరలేదు.

ఆయన చేసిన పనులతోపాటు చేయని పనులను కూడా గమనించాలి. ఎకరాలు అమ్మి లోటు పూడ్చుకోలేదు. కాలేజీ స్వభావాన్ని మార్చేసే పెద్ద నిర్ణయాలు తన రెండేళ్ళలో తానొక్కడే తీసుకోలేదు. అవి తర్వాత వచ్చేవారి హక్కు అని వదిలిపెట్టారు. ఊపిరి ఆడేటట్టు చూడడం ఆయన వంతు, చికిత్స చేయడం ఆ తర్వాతి వంతు.

ఆ చికిత్స చేసింది మెరిడిత్ వూ అనే విదుషీమణి. కొరియా దేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆవిడ. 2017లో అధ్యక్షురాలయ్యారు. ఆమె మొట్టమొదట చేసిన పని చీరమీది చీటీ మార్చడం. సుమారు 50,000 డాలర్లున్న మొత్తం ఖర్చును 34,000కు దించి, ఇదే అసలు ధర అని ప్రకటించారు. పాత ధరలు చూసి దగ్గరకే రాని మధ్యతరగతి తల్లిదండ్రులకు కాస్త ధైర్యం వచ్చింది. విడివిడిగా ఉన్న శాఖలను కలిపి మూడు కేంద్రాలుగా చేశారు. స్త్రీలు నాయకత్వం వహించడానికి కావలసిన పాఠ్యప్రణాళిక పెట్టారు. కొంతమంది అధ్యాపకుల ఉద్యోగాలు కూడా పోయాయి. ఇది బాధాకరమే. సంస్థ గట్టెక్కిందని మనం సంతోషించేటప్పుడు దాని ఖరీదు ఎవరు చెల్లించారో కూడా తలుచుకోవాలి.

2023లో మేరీ పోప్ హట్సన్ అధ్యక్షురాలయ్యారు. ఆ కాలేజీలోనే చదువుకున్న మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. కష్టాలన్నీ తీరిపోయాయని నేననను. చిన్న కాలేజీ బతుకు ఎప్పుడూ కత్తిమీద సామే. కాని 2015లో చదువు మధ్యలో ఆగిపోతుందని ఏడ్చిన పిల్లల తర్వాత, ఎన్నో తరగతుల పిల్లలు అక్కడ పట్టాలు పుచ్చుకున్నారు.

సోదరీమణులారా, ఇద్దరు పెద్దమనుషుల కథ విన్నారు. ఒకరు చెడ్డవారు, ఒకరు మంచివారు అని నేను చెప్పడం లేదు. ఇద్దరి ముందూ ఉన్నవి ఇంచుమించు అవే లెక్కలు. మొదటివారి హయాంలో ఆ లెక్కలు గదిలోపల ఉండిపోయాయి. రెండోవారి హయాంలో వాకిట్లోకి వచ్చాయి. లెక్క నలుగురికీ తెలిసినప్పుడు, లెక్కలో కనపడని ఆస్తి బయటపడుతుంది. పూర్వ విద్యార్థినుల అభిమానాన్ని ఏ ఆడిటరూ పద్దు రాయలేడు. అడిగితేనే అది ఎంతో తెలుస్తుంది.

మనలో చాలామందికి ఏదో ఒకనాడు ఈ ఆపద్ధర్మ పెత్తనం వస్తుంది. మహిళామండలి కార్యదర్శి బదిలీ మీద వెళ్ళిపోతే పుస్తకాలు మీ చేతికొస్తాయి. మామగారు మంచాన పడితే కొట్టు వ్యవహారం మీ మీద పడుతుంది. అటువంటప్పుడు మొదటివారంలోనే అసలు లెక్క రాయండి. ఉన్నది ఎంత, అందులో ముట్టుకోకూడనిది ఎంత, ఇవ్వవలసింది ఎంత అని మూడు వరుసలు చాలు. ఆ కాగితాన్ని సంబంధించిన వారందరికీ చూపండి. పరువు పోతుందని దాచకండి. దాచిన అప్పు దాచిన జబ్బులాంటిది. ఇక, మళ్ళీ వెనక్కి తీసుకోవడానికి వీలైన పనులను మీరే ధైర్యంగా చేయండి. వెనక్కి తీసుకోలేని పని, అంటే అమ్మడం, మూయడం, తెంచుకోవడం వంటిది, అందరినీ అడగకుండా చేయకండి. అందరూ విన్న తర్వాత కూడా మూయక తప్పదని తేలితే మూయవచ్చు. అప్పుడు ఎవరి మనసులోనూ ముల్లు మిగలదు.

మరొక్క మాట. మన పిల్లలను ఇక్కడి ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లోనూ, అమెరికాలోనూ లక్షలు పోసి చదివిస్తున్నాం. భవనాలు చూస్తాం, హాస్టల్లో భోజనం చూస్తాం. సంస్థ లెక్కలు ఎలా ఉన్నాయని అడుగుతున్నామా? నిరుటికంటే చేరినవాళ్ళు పెరిగారా, తగ్గారా? అధ్యాపకులకు నెలనెలా జీతాలు అందుతున్నాయా? మూడేళ్ళలో ముగ్గురు అధ్యక్షులు మారితే ఎందుకు మారారు? రుసుములో అడగకుండానే సగం తగ్గిస్తామంటే సంబరపడే ముందు కారణం అడగాలి. పిల్లకు సంబంధం చూసేటప్పుడు వరుడి కుటుంబానికి అప్పులున్నాయా అని ఆరా తీస్తాం. నాలుగేళ్ళ చదువు కూడా సంబంధం వంటిదే. ఆ మాత్రం ఆరా తీయడం తప్పు కాదు, తల్లుల బాధ్యత.

సెలవు.